“నప్పదు” అను మాట

పిల్లలకు బట్టలు కొనుచోట మన పెద్దలు పలుకు మాటలలో మిక్కిలి క్రూరమైనది “నప్పదు” అనునది. వినుటకు చిన్నమాట, పలుకువారికి అందు దోషమున్నట్లు తోచనే తోచదు. నాలుగేండ్ల బాలిక మామిడిపండురంగు పరికిణీగుడ్డపై చేయి వేయును. వెంటనే మేనత్త “వద్దే తల్లీ, నీ చాయకు అది నప్పదు, మరీ నల్లగా కనబడతావు” అని గుడ్డను లాగి ప్రక్కనబెట్టి, గోధుమరంగుదో, వెలిసినట్లున్న ఊదారంగుదో చూపుమని దుకాణదారుని అడుగును. తల్లి మాఱుపలుకదు. ఆ బాలిక ఆనాడు నేర్చుకొన్నది రంగులనుగూర్చి కాదు, తన మేనినిగూర్చి. తన చర్మమొక లోపమనియు, దానిని కప్పిపుచ్చుటకే బట్టయనియు, ఆమె అక్షరములు నేర్వకముందే నేర్చినది.

దేనికి నప్పదు? విచారించి చూడగా, ఇరువదియేండ్ల తరువాత జరుగబోవు పెండ్లిచూపులలో ఎవరో వరుని తల్లి కన్నులకు నప్పదని తేలుచున్నది. అదే చాయగల అన్నకు ఎఱ్ఱచొక్కా కొనునప్పుడు ఈ విచారము తఱచుగా పుట్టదు. పెండ్లిప్రకటనలలో తెల్లని పిల్ల కావలెనని వ్రాయుటను ఖండించువారు మనలో ఇప్పుడు కలరు. 1975లో అంగడికెక్కిన ‘ఫెయిర్ అండ్ లవ్‌లీ’ అను లేపనము, లోకనింద మిక్కుటము కాగా, 2020లో పేరు మార్చుకొన్నది. సీసాపై పేరు మాఱినది గాని ఇంటిలోని మాట మాఱలేదు.

మన పూజాగృహములలో నిలిచియున్న నీలమేఘశ్యాముడు కట్టినదేమి? పీతాంబరము. ఆ నల్లని మేనిపై పసుపువన్నె పట్టు మెఱయుచుండగా చూచి పరవశించిన భక్తులలో ఒక్కడైనను “స్వామీ, నీ చాయకిది నప్పదు” అని యుండెనా? ద్రౌపదికి కృష్ణయని పేరు. అది ఆమె నల్లని చాయనుబట్టి వచ్చిన పేరు. ఆమె సౌందర్యమునకు కొదవ యెవ్వరును చెప్పలేదు. దేవుని కొప్పినది బిడ్డకు ఒప్పదా? ఇంకను, పోచంపల్లి, నారాయణపేట, గద్వాల, మంగళగిరి మగ్గములపై నేసిన వంగపండు, చిలుకపచ్చ, కనకాంబరపు రంగుల చీరలను తరతరములుగా కట్టినవారిలో చామనచాయవారే హెచ్చు. నాట్లు వేయు స్త్రీల వరుసను గట్టుమీదనుండి ఒక్కమాఱు చూచినవానికి, ఏ రంగు ఎవరికి నప్పునో వేఱుగా చెప్ప బనిలేదు.

ఈ పాతజాడ్యము చాలక క్రొత్తదొకటి దిగుమతియైనది: ఆడుశిశువునకు గులాబి, మగశిశువునకు నీలము. పురుడు వచ్చిన యింటికి బట్టలు తీసికొనిపోవు చుట్టములు ఇప్పుడు మొదట విచారించునది ఇదియే. ఇది ప్రకృతినియమమని తలచువారు దాని పుట్టుకను ఎఱుగరు. పందొమ్మిదవ శతాబ్దమున అమెరికాలో ఆడ మగ శిశువులిరువురికిని తెల్లని గౌనులే తొడిగెడివారు. మఱకలుపోవ ఉడుకబెట్టి ఉతుకుటకు తెలుపే అనువు. తరువాతి కాలమున ఆ దేశాధ్యక్షుడైన ఫ్రాంక్లిన్ రూజ్వెల్టునకు రెండేండ్ల ప్రాయమున, 1884లో, పొడుగుజుట్టుతో తెల్లగౌనుతో తీసిన ఛాయాచిత్రము నేటికిని ఉన్నది. 1918లో అచ్చటి శిశువస్త్ర వర్తకుల పత్రికయొకటి, గులాబి గట్టిరంగు గనుక మగపిల్లలకును, నీలము సుకుమారము గనుక ఆడపిల్లలకును తగునని బోధించినది! రెండవ ప్రపంచయుద్ధము నాటికి గాని నేటి పద్ధతి స్థిరపడసాగలేదు. ఇట్లు తలక్రిందైన నియమమును మనము వేదవాక్యముగా గైకొనుచున్నాము. లాభమెవరికి? అక్క గౌను తమ్మునికి, అన్న చొక్కా చెల్లెలికి దిగుట మన యిండ్లలో ఎప్పటినుండియో ఉన్నది. రంగు అడ్డువచ్చినచో రెండవ బిడ్డకు అన్నియు మఱల కొనవలసినదే.

నలుపు అశుభమని పుట్టినదినమున ముట్టనీయనివారు ఆ బిడ్డకే దిష్టిచుక్కయు, నల్లని మొలత్రాడును పెట్టుదురు! పొరుగువారైన మహారాష్ట్రులు సంక్రాంతినాడు కోరి నల్లబట్టలు కట్టుదురు. మనము భోగిపండ్లు పోసిన పిల్లలకంటె వారి పిల్లలకు క్షేమము తక్కువైనట్లు మేము వినలేదు. దీనిపై ఇంతకంటె వ్రాయనక్కఱలేదు.

అట్లయిన రంగుల విషయమున విచారింపదగినదేమియు లేదా? కలదు, అదియే విచారింపబడుట లేదు. రెంటచింతలలో, రామగుండములో వైశాఖమాసపు ఎండ ఎట్టిదో ఎఱిగియుండియు, వేడిని పీల్చు ముదురురంగు నైలాను గౌనును, లోపల గుచ్చుకొను కుచ్చులతో, పెండ్లిపందిటిలో బిడ్డకు తొడుగుచున్నాము. చెమటపొక్కులతో బిడ్డ ఏడ్చును. “ఫోటో అయ్యేదాకా ఓర్చుకో” అందురు. అక్కడ నప్పునది లేతరంగు నూలుబట్ట. చీకటిపడిన పిదప రోడ్డుప్రక్కన నడచు పిల్లవానికి నలుపును ముదురునీలమును కీడు. బండి తోలువానికి దూరమునుండి కనబడునది తెలుపు, పసుపు. నీటియొద్ద లెక్క వేఱు. ఈతకు దింపినప్పుడు తెలుపు, లేతనీలము నీటిలో కలిసిపోవును. మునిగిన బిడ్డ జాడ తెలియదు. మెఱయు నారింజరంగు తొడిగినచో గట్టుననున్నవారి కంటికి వేగముగా దొరకును. ప్రాణముతో ముడిపడిన ఈ సంగతిని బట్టలకొట్టులో అడిగినవారెవరు?

బట్టను నోటబెట్టికొను పసివారి విషయమున మఱియొక జాగ్రత్త కావలెను. కొన్ని ఆజో రంగులు విఱిగి కాన్సరు కలిగించు పదార్థములను విడుచునని తెలిసి, 1994లో జర్మనీయు, 1997లో మన ప్రభుత్వమును అట్టివానిని నిషేధించినవి. అయినను తొలి ఉతుకునకే నీళ్లన్నియు ఎఱ్ఱబడు చవుకబట్ట సంతలో దొరకుచునే యున్నది. పురిటిబిడ్డను, ఉతికి ఉతికి మెత్తబడిన తాత పంచెలో చుట్టు మన ముత్తవ్వల ఆచారము ఇందు మేలైనది. మూడు నాలుగు నెలలదాక బిడ్డకు రంగుల భేదము చక్కగా తెలియదు గనుక, గులాబినో నీలమునో చూచి మురియునది మనమే.

పిల్లలకేమి తెలియును, పెద్దలే ఎంచవలెను గదా యందురు. ఎండ, నీరు, చీకటి, వీనిని పెద్దలు ఎంచవలసినదే. ఆపై మిగిలినది బిడ్డ ఇష్టము. ఐదేండ్ల బాలుడు గులాబిచొక్కా కోరినచో నవ్వుట ఏల? దుకాణదారులు బట్టల వరుసలపై ఆడపిల్లలకు, మగపిల్లలకు అని వ్రేలాడగట్టిన పలకలను తీసివేసి వయస్సునుబట్టి సర్దినచో సగము చిక్కు తీరును. తక్కిన సగము మేనత్తలయొద్దను, అమ్మమ్మలయొద్దను, వారి మాటకు తలయూపు తండ్రులయొద్దను ఉన్నది.