మెనూ కూడా ఒక రాస్తాయే



మా కొత్తగూడెం రైల్వే స్టేషన్ పేరు భద్రాచలం రోడ్. అసలు భద్రాచలం ఇక్కడికి దాదాపు 40 కిలోమీటర్లు, గోదావరి అవతల. మాకు ఆదత్ అయిపోయింది. కొత్తగా వచ్చే మెహమాన్‌కు మాత్రం ముందే ఫోన్ చేసి చెప్పాలి: "భద్రాచలం రోడ్ అంటే మా ఊరే, దిగిపోండి."

సర్కారీ వెబ్‌సైట్లు తెరిచినప్పుడల్లా నాకు ఆ పేరే యాదికొస్తుంది. షాదీ ముబారక్‌నే తీసుకోండి. 2014 అక్టోబరు 2న 51 వేలతో మొదలై, తర్వాత 1,00,116 రూపాయలకు పెరిగిన పథకం. దర్ఖాస్తు పెట్టేది ఈపాస్‌లో. ఆ పేరు పుట్టింది స్కాలర్‌షిప్‌ల కోసం. బిడ్డ నికాహ్ కుదిరిన తల్లికి తన పని అక్కడుందని ఎట్లా తెలుస్తుంది?

పింఛను పని మీద మా ఖాలా ఒక సైట్‌తో గంటసేపు కుస్తీ పట్టింది. పేజీకో చోట మెనూ. వెనక్కి వస్తే నింపిందంతా మాయం. ఆఖరికి ఒక దుకాణానికి పోయి ఆధార్, పాస్‌బుక్కు, ఓటీపీ అన్నీ ఒక అజ్నబీ చేతిలో పెట్టింది. అయిన ఖర్చు కంటే నాకు దాని ఫికరే ఎక్కువ.

"చదువురాని వాళ్లకు ఎంత ఆసాన్ చేసినా అంతే" అంటారు కొందరు. అదే ఖాలా దుబాయ్‌లో ఉన్న కొడుకుతో రోజూ వీడియో కాల్ మాట్లాడుతుంది. కసూర్ ఆమెది కాదు.

మెనూలో శాఖ పేరు కాదు, పని పేరు ఉండాలి. ప్రతి పేజీలో ఒకే చోట ఉండాలి. ఏ కాగితాలు కావాలో మొదటే చెప్పాలి. 2017లోనే ఉర్దూ రాష్ట్రమంతటా రెండో అధికార భాష అయింది. తెలుగు పక్కన అదీ కనపడాలి.

మన జిమ్మేదారీ కూడా ఉంది. మసీదు కమిటీలకు, అంజుమన్‌లకు సైట్లు చేసే నౌజవాన్లారా! నమాజ్ వేళలు, జకాత్, నికాహ్‌నామా, ఖబ్రస్తాన్: జనం వెతికేవి ఇవే. సదర్ సాబ్ ఫోటోలు కింద పెట్టినా పర్వాలేదు. సైట్ పూర్తయ్యాక మీ అమ్మీ చేతికి ఫోన్ ఇచ్చి ఒక పని చెప్పండి. మీరు నోరు మెదపకుండా చూడండి. ఆమె ఎక్కడ ఆగిందో అక్కడ మార్చండి.

దారిలో అడ్డున్నది తీసేయడం కూడా సదఖా అని మన ప్రవక్త (స) నేర్పారు. ఇప్పుడు పేదవాడి హక్కు ఫోన్‌లోంచే ఇంటికి రావాలి. ఆ రాస్తాలో రాళ్లు తీయడం కూడా సదఖాయే.