నూలు ధర తగ్గితే సంతోషం... తగ్గకపోతే?

ఈసారి కాస్త పెద్దగానే రాస్తున్నాం, ఓపికగా చదవండి.

మన ఆర్.కె.పేట వైపు సంతోషానికి ఒక లెక్క ఉంది. నూలు ధర తగ్గిందా, ఆర్డరు వచ్చిందా, కూలి డబ్బులు చేతిలో పడ్డాయా, ఆ వారం ఇల్లంతా నవ్వులే. మగ్గం ఆగిందా, ఎవరి ముఖంలోనూ కళ ఉండదు. ఇందులో తప్పేమీ లేదు. కడుపు నిండినప్పుడు సంతోషించడం దేవుడిచ్చిన గుణమే.

చిక్కంతా ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పేటప్పుడు వస్తోంది. అప్పు తీరింది, స్తోత్రం. ఉద్యోగం వచ్చింది, స్తోత్రం. జబ్బు నయమైంది, స్తోత్రం. మంచిదే. మరి అప్పు తీరనివాళ్లు, జబ్బు నయం కానివాళ్లు ఏం చెప్పాలి? వాళ్లు వెనక వరుసలో తల దించుకుని కూర్చుంటారు. తమ విశ్వాసంలోనే ఏదో లోపం ఉందనుకుంటారు. కొన్నాళ్లకు రావడమే మానేస్తారు. వాళ్ల విశ్వాసంలో లోపం లేదు. పరిస్థితులు బాగుపడితే వచ్చే సంతోషాన్నే మనం క్రీస్తు ఇచ్చే ఆనందం అనుకుంటున్నాం. లోపం అక్కడ ఉంది.

సంతోషం వేరు, ఆనందం వేరు అని కొందరు మాటలను బట్టి వివరిస్తారు. మన తెలుగు బైబిలు అలా విడదీయలేదు. గలతీ పత్రికలో ఆత్మఫలం గురించి చెప్పినచోట ప్రేమ తర్వాత ఉన్న మాట సంతోషమే. ఫిలిప్పీ పత్రిక 4వ అధ్యాయంలో ఆనందించమని ఉంది. గ్రీకులో ఈ రెండు మాటలదీ ఒకే కుటుంబం. అసలు తేడా ‘ప్రభువునందు’ అనే మాటలోని ‘అందు’లో ఉంది. మన సంతోషం దేనియందు ఉందో, అది పోయిన రోజున సంతోషమూ పోతుంది. పౌలు ఆ పత్రిక రాసింది సంకెళ్లలో ఉండి. హబక్కూకు ప్రవక్త అయితే చెట్లు కాయకపోయినా, పొలం పండకపోయినా, దొడ్డిలో పశువులు లేకపోయినా దేవునియందు సంతోషిస్తానన్నాడు. కష్టం తీరాక చెప్పిన సాక్ష్యాలు కావు ఇవి.

ఇవన్నీ ఎప్పటివో, ఎక్కడివో అనుకోకండి. మన తెలుగువాళ్ల చరిత్రలోనే ఒకటుంది. 1876-78లో మద్రాసు రాజధానిలో ఘోరమైన కరువు వచ్చింది. ఒంగోలులో పనిచేస్తున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. మన తిరువళ్లూరు జిల్లా తీరం వెంట పోయే కాలువ కూడా అదే. ఆ రోజుల్లో చాలామంది బాప్తిస్మం అడిగారు. ఆయన ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు. కూలి కోసం, గింజల కోసం ఎవరూ క్రైస్తవులు కాకూడదన్నది ఆయన పట్టుదల. సహాయం ఆగిపోయింది, ఇక ఇచ్చేందుకు ఏమీ లేదని చెప్పాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు, ఊరు అంటరానివాళ్లుగా చూసినవాళ్లు.

అన్నం పెట్టిన చేతి మీద కృతజ్ఞతతోనే వచ్చారని ఎవరైనా అనవచ్చు. అదీ కొంత ఉండే ఉంటుంది. అయినా కూలి ఆగాక వచ్చినవాళ్లను కూలి కోసం వచ్చారనలేం కదా.

ఇందులో మనం నేర్చుకోవలసినవి రెండు. ఆకలితో ఉన్నవాళ్లకు క్లౌ ముందు పని చూపించాడు. ఆనందించండి అని చెప్పి ఊరుకోలేదు. కాబట్టి మగ్గం ఆగిన ఇంటికి వెళ్లి ‘ప్రభువునందు ఆనందించండి’ అని చెప్పి వచ్చేయడం విశ్వాసం కాదు. బియ్యం తీసుకెళ్లాలి, వీలైతే పని చూపించాలి. రెండోది, ఆ బియ్యాన్ని ఆనందానికి కొలతగా పెట్టకూడదు.

నేతపని తెలిసినవాళ్లం, మనకు ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. పేక రంగు ఎన్నిసార్లు మారినా బట్ట సాగుతూనే ఉంటుంది. పడుగు తెగితేనే పని ఆగుతుంది. సంతోషాలు పేకలాంటివి, వస్తుంటాయి, మారుతుంటాయి. ఆనందం పడుగు. నల్ల దారం నడుస్తున్న రోజున కూడా పడుగు కిందనే ఉంటుంది. అందుకే ఏడ్చేవాడికి ఆనందం లేదని చెప్పలేం. లాజరు సమాధి దగ్గర యేసు కూడా కన్నీళ్లు పెట్టుకున్నాడు.

కాబట్టి మా మనవి ఒక్కటే. వచ్చే ఆదివారం నుంచి ‘నా కష్టం ఇంకా తీరలేదు, అయినా ప్రభువును విడిచిపెట్టలేదు’ అని చెప్పేవాళ్లకు కూడా సాక్ష్యాల సమయంలో చోటివ్వండి. వాళ్లు చెప్పాక తొందరపడి ధైర్యవచనాలు చెప్పకండి. పక్కన కూర్చోండి, ఇంటికి వెళ్లి రండి. వెనక వరుసలో మౌనంగా ఉన్నవాళ్లు మళ్లీ తలెత్తుకోవడానికి అది చాలు.

మీ ఊరి సంఘంలో ఇది ఎలా ఉందో, మీరేమంటారో తప్పకుండా రాయండి.