పాత జీపు – కొత్త రంగు

రెండవ ప్రపంచ యుద్ధకాలపు జీపును వెదికి తెచ్చి, పూర్వరూపానికి తీర్చిదిద్దుకోవడం కొందరికి ప్రియమైన వ్యాసంగం. అమెరికాలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు 1941–45 మధ్య ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. ఫోర్డ్ తన జీపు బోల్టుల తలలపై సైతం ‘ఎఫ్’ అక్షరం ముద్రించింది. ఆ అక్షరమున్న బోల్టు దొరికేవరకు కొందరు ఔత్సాహికులకు నిద్ర పట్టదు! ఆ నిష్ఠ మెచ్చదగినదే. కాని, యుద్ధానంతరం ఆ బండి మన నేలపై గడిపిన బ్రతుకును తుడిచివేయడం నాకు సమ్మతం కాదు. విడిభాగాలు దొరకనప్పుడు మన మెకానిక్కులు వేసిన అతుకులు, ఆరు వోల్టుల బ్యాటరీ తీసి పెట్టిన పన్నెండు వోల్టుల బ్యాటరీ – ఇవి మాత్రం చరిత్ర కావా?

మన జహీరాబాదులో ట్రాక్టర్లు చేస్తున్న మహీంద్రా సంస్థ 1945లో ‘మహీంద్రా అండ్ మహమ్మద్’గా పుట్టింది, 1947లో విల్లీస్ జీపుల కూర్పు చేపట్టింది. భాగస్వామి మాలిక్ గులాం మహమ్మద్ పాకిస్తాన్ వెళ్లి ఆ దేశపు తొలి ఆర్థికమంత్రి అయ్యారు. 1948లో సంస్థ పేరు మారింది. ఆ మార్పైనా కాగితాలకెక్కింది. మెకానిక్కుల పనితనాన్ని ఎవరు వ్రాసి ఉంచారు? పట్టణంలోని వృద్ధ మెకానిక్కులను కలసి, వారి మాటలను ఉర్దూలోనూ తెలుగులోనూ వ్రాసి, వచ్చే సంచికకు ఇవ్వవలసిందిగా విద్యార్థులను కోరుతున్నాను.