ఫుల్ ట్యాంక్ కొట్టించండి, లెక్క రాయండి!

దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్బీనగర్‌లో కారు నడిపే అన్నలారా, అక్కలారా!

ఇది ప్లాట్ల వెంచర్ కాగితం కాదు, కోచింగ్ సెంటర్ ప్రకటన కాదు, ఏ పార్టీదీ కాదు. సిగ్నల్ దగ్గర మీ చేతిలో పెట్టాం. ఈ సిగ్నల్ పచ్చబడేలోపు సగం చదవండి, మిగతా సగం వచ్చే సిగ్నల్ దగ్గర. మన రోడ్డు మీద ఆ టైం దండిగా దొరుకుతుంది.

ఒక్కటే ప్రశ్న. మీ బండి లీటరుకు ఎంతిస్తోంది?

మనలో చాలామంది చెప్పే అంకె సంక్రాంతికి ఊరెళ్లినప్పటిది. తెల్లవారుజామున పంతంగి టోల్ దాటి, ఎనభైలో పెట్టి నకిరేకల్ వైపు పోతుంటే డిస్‌ప్లే మీద పద్దెనిమిది కనబడింది. ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాం. బావమరిది బొటనవేలు పంపాడు. పండగైపోయాక అదే బండి చైతన్యపురి నుంచి మలక్‌పేట దాకా రోజూ పాకుతుంది. అప్పుడొచ్చే అంకెకు మాత్రం ఫొటో ఉండదు.

ఈ కాగితం రాసినవాడి బండి సంగతి ముందు చెప్పాలి. నాలుగు మీటర్లలోపు కాంపాక్ట్ ఎస్‌యూవీ, టర్బో పెట్రోలు, ఆటోమేటిక్. బ్రోచర్‌లో 18.2 అని ఉంది. షోరూంలో తమ్ముడు "సిటీలో పదహారు పక్కా సార్" అన్నాడు. ఒక గురువారం సాయంత్రం కొత్తపేట నుంచి మలక్‌పేట బయల్దేరాను. దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడికి వచ్చే జనం, పూల బండ్లు, బస్సు దిగి అడ్డంగా దాటేవాళ్లు, సందు కనబడితే ముక్కు దూర్చే ఆటోలు. మెట్రో పిల్లర్ పక్కన ఆగాను. దాని మీది నంబర్‌నే ఐదు నిమిషాలు చూస్తూ కూర్చున్నా. ఏసీ రెండులో ఉంది. డిస్‌ప్లేలో 9.4 ఉన్నది 8.9 అయింది, కాసేపటికి 8.3 అయింది. బండి కదల్లేదు, అంకె మాత్రం దిగుతూనే ఉంది.

ఆ నెలలో పక్కాగా లెక్కేశాను. ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్‌కు 326 కిలోమీటర్లు తిరిగితే 30.42 లీటర్లు పట్టింది. లీటరుకు 10.7. నెలకు ఎనిమిది వందల కిలోమీటర్లు తిరిగే ఇంటికి, బ్రోచర్ అంకెకీ ఈ అంకెకీ మధ్య తేడా సుమారు 31 లీటర్లు. లీటరు 107 రూపాయల లెక్కన నెలకు మూడు వేల మూడొందలు. ఏడాదికి నలభై వేలకు దగ్గర. కారు లోన్ కట్టేటప్పుడు ఈఎంఐని పైసలతో సహా చూసుకున్నాం, దీన్ని చూసుకోలేదు.

మరి బ్రోచర్ అబద్ధమా? కాదు, అదే చిక్కు. అంకె నిజమే, రోడ్డే మనది కాదు.

ఏఆర్‌ఏఐ అనే పరీక్షా సంస్థ పేరు మీరు ప్రకటనల్లో చూసే ఉంటారు. పుణెలో ఉంటుంది. బ్రోచర్ అంకె తేల్చే పరీక్షలో బండి రోడ్డెక్కదు, రోలర్ల మీద నిలబడి చక్రాలు తిప్పుతుంది. మొత్తం 1180 సెకన్లు, అంటే ఇరవై నిమిషాల లోపే. అందులో 780 సెకన్లు సిటీ నడక, 400 సెకన్లు ఊరి బయటి పరుగు. టైం చూస్తే సిటీదే ఎక్కువ. దూరం చూస్తే కథ తిరగబడుతుంది. సిటీ భాగం నాలుగు కిలోమీటర్లే, మిగతా ఆరు కిలోమీటర్ల పైచిలుకు ఎక్కడా ఆగకుండా పోయేదే, వేగం తొంభై దాకా. ఆ సిటీ భాగంలో కూడా సగటు వేగం గంటకు 19 కిలోమీటర్ల దాకా ఉంటుంది. సాయంత్రం ఏడింటికి దిల్‌సుఖ్‌నగర్ బస్టాండ్ ముందు ఆ వేగం ఎవరికైనా దొరికితే మాకు కబురు పెట్టండి. ఇప్పటిదాకా మన బండ్ల మీద అచ్చైన అంకెలన్నీ ఏసీ ఆపి కొలిచినవే. మే నెలలో ఎల్బీనగర్ చౌరస్తాలో ఏసీ ఆపి కూర్చునేవాడు ఎవడండీ?

ఆ పరీక్ష పనికిరానిదేం కాదు. ఏ బండినైనా ఒకే తాసులో తూస్తుంది, కాబట్టి రెండు బండ్లను పోల్చుకోవడానికి పనికొస్తుంది. నెక్సాన్ పెట్రోలుకు 17.44, గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్‌కు 27.97 అని బంగారం తూచినట్టు రెండు దశాంశాల దాకా రాస్తారు. పోలికకు సరే, నెల బడ్జెట్‌కు మాత్రం దాన్ని పట్టుకోవద్దు. హైబ్రిడ్ సంగతి కొంచెం వేరు. బండి ఆగినచోట ఇంజన్ కూడా ఆగుతుంది కాబట్టి మన రద్దీలో అది నిజంగానే మేలు. మామూలు పెట్రోలు ఇంజన్ నిలబడి ఉన్నా గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా తాగుతుంది. కదలని బండికి మైలేజీ సున్నా.

పైగా ఎత్తు బండి గాలిని ఎక్కువ తోసుకోవాలి, బరువు బండి ఆగిన ప్రతిసారీ మళ్లీ లేవాలి. స్పీడ్ బ్రేకర్లకూ, వానొస్తే చెరువయ్యే కాలనీ రోడ్లకూ భయపడి ఎత్తు బండి కొన్నాం. దాన్నెవరూ తప్పు పట్టరు. ఆ ఎత్తుకు ఖరీదు పంపు దగ్గర కడుతున్నాం, అంతే. దానికి తోడు ఇప్పుడు పంపులో పోసేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. పది శాతం మిశ్రమానికి సర్దిన పాత కార్లలో మైలేజీ ఆరేడు శాతం దాకా తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే చెప్పింది.

అమెరికాలో మన పిల్లలున్నారుగా, వీడియో కాల్‌లో అడగండి. అక్కడ కొత్త కారు అద్దానికి అంటించిన కాగితం మీద సిటీ మైలేజీ, హైవే మైలేజీ వేర్వేరుగా ఉంటాయి. 2008 మోడళ్ల నుంచి ఏసీ వేసి, చలిలో నడిపి, వేగంగా తోలి కొలిచిన లెక్కలు కూడా అందులో కలుపుతున్నారు. 2012లో హ్యుందాయ్, కియా అక్కడ సుమారు తొమ్మిది లక్షల కార్ల అంకెలు ఎక్కువ వేశామని ఒప్పుకుని తగ్గించుకున్నాయి, కొన్నవాళ్లకు తేడా డబ్బు ఇచ్చాయి. 2014లో పది కోట్ల డాలర్ల జరిమానా కూడా కట్టాయి. మన దగ్గర 2023 ఏప్రిల్ నుంచి బండిని రోడ్డు మీద నడిపి పొగను కొలుస్తున్నారు. పొగను కొలవగలిగినవాళ్లు పెట్రోలును కొలవలేరా?

అంత దూరం కూడా వద్దు, కేరళ చూడండి. లీటరుకు 32 అని ప్రకటన చూసి కారు కొన్న ఒకావిడ త్రిస్సూర్ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లారు. నిపుణుడు నడిపి చూస్తే 19.6 వచ్చింది. 2022లో కమిషన్ ఆమెకు ఖర్చులతో కలిపి 3.10 లక్షలు ఇప్పించింది. ఆమె గెలిచింది గొంతు పెంచి కాదు, కాగితం మీద రెండు అంకెలు పక్కపక్కన పెట్టి.

మనకూ ఆ రెండో అంకె కావాలి. దాని కోసమే ఈ కాగితం.

రేపు పొద్దున్నే పంపుకెళ్లండి. ఫుల్ చేయించండి. నాజిల్ మొదటిసారి టక్కుమని ఆగగానే చాలనండి. "ఇంకో వంద రూపాయలకు రౌండ్ చేద్దామా సార్" అంటే వద్దనండి, లెక్క అక్కడే చెడుతుంది. ఓడోమీటర్ అంకె బిల్లు వెనక రాసుకోండి. ట్యాంక్ పావుకు వచ్చేదాకా ఎప్పటిలాగే తిరగండి. మైలేజీ కోసం ప్రత్యేకంగా నెమ్మదిగా తోలొద్దు, ఏసీ ఆపొద్దు. తర్వాత అదే పంపు, అదే నాజిల్, మళ్లీ మొదటి టక్కు దాకా. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగించండి. డిస్‌ప్లే అంకెను నమ్మొద్దు, అది కాస్త ఎక్కువ చూపడం మామూలే. కనీసం మూడు ట్యాంకులు ఇలా రాయండి. ఎల్బీనగర్ దాటి హయత్‌నగర్ వైపు పోతే అంకె పెరుగుతుంది, చాదర్‌ఘాట్ వైపు తిరిగితే పడిపోతుంది. కాబట్టి ఏ దారిలో తిరిగారో కూడా పక్కన రాయండి. టైర్లలో గాలి ఎంతుండాలో డ్రైవర్ డోరు తెరిస్తే స్టిక్కర్ మీద ఉంటుంది. లెక్క మొదలుపెట్టేముందే సరి చూసుకోండి.

పంపు కొలత మీద అనుమానమా? జీరో చూడటంతో ఆగొద్దు. ఐదు లీటర్ల కొలత పాత్రలో పోసి చూపించమని అడిగే హక్కు మీకుంది. ఐదు లీటర్లకు 25 మిల్లీలీటర్ల తేడా దాకానే చెల్లుతుంది.

కొత్త బండి కొనబోయేవాళ్లు షోరూంలో నోటిమాట వినొద్దు. ఆ "సిటీలో పదహారు"ను కొటేషన్ కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. రాయరు. రాయనప్పుడు మొహం ఎలా మారుతుందో చూడండి, అది కూడా ఒక సమాచారమే. బ్రోచర్ పారేయొద్దు. ప్రకటన మోసం అనిపిస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, గడువు రెండేళ్లు.

మేం కోరేది ఇదీ: షోరూంలో ప్రతి కారు అద్దం మీద ఏసీ వేసి కొలిచిన సిటీ మైలేజీ వేరుగా, ధర ఎంత పెద్ద అక్షరాల్లో ఉందో అంతే పెద్ద అక్షరాల్లో రాయాలి. కేంద్ర రవాణా శాఖకు రాసే అర్జీ సిద్ధంగా ఉంది. దానికి జతచేయడానికి మన దారిలో నడిచిన వంద బండ్ల లెక్కలు కావాలి.

వచ్చే నెల మొదటి ఆదివారం పొద్దున ఏడింటికి విక్టోరియా మెమోరియల్ మెట్రో స్టేషన్ కింద కలుద్దాం. మూడు ట్యాంకుల బిల్లులు, బ్రోచర్ తెండి. డీజిల్ అయినా, సీఎన్‌జీ అయినా సరే. లెక్క తక్కువొచ్చిందని సిగ్గుపడొద్దు, మా 10.7 అప్పటికే బోర్డు మీద ఉంటుంది. కార్లు మాత్రం తేకండి. మెట్రోలో రండి.

చదివాక పక్క కారు వాళ్లకు ఇవ్వండి.

ఇట్లు,
కొత్తపేట, చైతన్యపురి, ఎల్బీనగర్‌లో కార్లున్న కొందరు ఇరుగుపొరుగువాళ్లం