ఎన్ని బావులు వేశారో కాదు, ఏ నీరు తాగించారో చెప్పండి

స్వచ్ఛంద సంస్థల వార్షిక నివేదికలన్నీ నేడు ఒకే తీరున ఉంటున్నాయి. ఇన్ని బోర్లు వేశాము, ఇన్ని కిట్లు పంచాము, ఇంతమందికి శిక్షణ ఇచ్చాము. ఉద్యోగకాలమంతా ఫైళ్ళ మధ్య గడిపినవారము గనుక, లెక్క సరిపోవడం వేరు, పని జరగడం వేరు అని మాకు తెలుసు.

బంగ్లాదేశ్‌నే చూడండి. 1970ల నుండి అక్కడ యునిసెఫ్, ప్రభుత్వం, స్వచ్ఛంద సంస్థలు లక్షలాది గొట్టపు బావులు వేయించాయి. చెరువు నీటి రోగాల నుండి పేదలను కాపాడాలన్న ఉద్దేశం మంచిదే. కాని ఆ నీటిలో ఆర్సెనిక్ ఉన్నదా అని ఎవరూ చూడలేదు. 1993లో విషయం బయటపడేనాటికి కోట్లమంది ఆ నీరే తాగుతున్నారు. ఆ తరువాత సుమారు 50 లక్షల బావులను పరీక్షించి, విషమున్న వాటికి ఎరుపు, లేనివాటికి ఆకుపచ్చ రంగు పూశారు.

ఆ రోజులలో ఆర్సెనిక్ పరీక్ష ఆనవాయితీ కాదని సమర్థించేవారున్నారు. 1970లకు ఆ సమాధానం చెల్లవచ్చు. పక్కనున్న పశ్చిమ బెంగాల్‌లో 1983లోనే ఆర్సెనిక్ రోగులు బయటపడ్డారే, ఆపైన ఏమి సమాధానం? 1992లో ఒక బ్రిటిష్ సంస్థ అక్కడి బావుల నీటిని పరీక్షించి కూడా ఆర్సెనిక్‌ను కొలవలేదు. బాధితుడొకరు ఇంగ్లండులో దావా వేస్తే, 2006లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దానిని కొట్టివేసింది. బాధ్యత ఎవరిదీ కాదన్నమాట!

ఇలా కాక వేరేగా చేయడం అసాధ్యమేమీ కాదు. అదే దేశంలో ఫజ్లే హసన్ ఆబెద్ స్థాపించిన బ్రాక్ సంస్థ, అతిసారంతో పసిబిడ్డలు రాలిపోతున్న 1980లలో ఇంటింటికీ మహిళా కార్యకర్తలను పంపి, ఉప్పు, బెల్లం, నీరు కలిపిన ద్రావణం చేయడం తల్లులకు నేర్పించింది. జీతం మాత్రం తిరిగిన ఇళ్ళను బట్టి కాదు. కొన్నాళ్ళకు పరిశీలకులు వెళ్ళి తల్లిని అడిగేవారు. ఆమెకు ఎంత గుర్తుంటే కార్యకర్తకు అంత వేతనం. నేర్చుకున్న తల్లులు దానిని వాడడం లేదని తేలినపుడు సంస్థ కారణం వెదికింది. నేర్పినవారికే నమ్మకం లేదట. తమకు విరేచనాలైతే మాత్రలు మింగుతున్నారట! ఆ సంగతి దాచక, కార్యకర్తలకు మళ్ళీ శిక్షణ ఇచ్చింది.

నల్గొండ, ప్రకాశం జిల్లాల ఫ్లోరైడ్ గోస ఎరిగిన మనము, దాత పేరు చెక్కిన బోరు ఫోటో చూసి ఎందుకు తృప్తిపడాలి? చందాకు వచ్చినవారిని మేము రెండే కాగితాలు అడుగుతున్నాము. నీటి పరీక్ష ఫలితమొకటి. ఏడాది తరువాత వెళ్ళి చూసివచ్చిన బయటివారి సంతకమొకటి. ఫోటోలు అక్కరలేదు.