ఒళ్లెరిగి చేయాలి కసరత్తు

పోలీసు ఉద్యోగాలు పడుతున్నాయనో, సైన్యంలోకి తీసుకుంటున్నారనో మాట వినబడగానే ఉత్తరాంధ్ర పల్లెల్లో యువకులు తెల్లవారకముందే రోడ్లెక్కుతారు. ఈ ఉత్సాహం మెచ్చదగినదే. దాని వెంట సరైన శిక్షణ లేకపోవడమే శోచనీయం. ఏడాదంతా ఊరుకుని, పరీక్ష నెల రోజులుందనగా మైళ్లకొద్దీ పరుగు తీసేవారు తీరా ఆ రోజుకు కుంటుతూ నిలబడవలసి వస్తున్నది.

ఆంధ్రప్రదేశ్‌లో 2022లో వెలువడిన కానిస్టేబుల్ ఉద్యోగాల ప్రకటన ప్రకారం పురుష అభ్యర్థులు 1600 మీటర్లను 8 నిమిషాల్లో పరుగెత్తవలసి వచ్చింది. అలవాటైన కాళ్లకు ఇది అసాధ్యమేమీ కాదు. అలవాటు లేని కాళ్లతో రోజూ సిమెంటు రోడ్డు మీద పరుగెత్తితేనే చేటు. మోకాలి కింది పెద్ద ఎముకపై పదేపదే అదురు పడి నొప్పి మొదలవుతుంది. దానికి విశ్రాంతి ఇవ్వకుండా, నొప్పిని పంటి బిగువున భరించి ఇంకా పరుగెత్తితే ఎముకకు సన్నని బీట పడుతుంది. అది మానడానికి వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు పడుతుంది. ఈలోగా ఉద్యోగం కాస్తా చేజారుతుంది.

బస్కీలు, దండీల సంగతీ అంతే. పక్కవాడు 200 తీశాడని మొదటి రోజే తానూ 200 తీయబోవడం పౌరుషం అనిపించుకోదు. మితిమీరిన శ్రమకు కండరాలు చితికి, వాటిలోని పదార్థాలు నెత్తురులో కలిసి మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు. కసరత్తు చేసిన ఒకటి రెండు రోజుల్లో కండరాలు విపరీతంగా నొప్పి పుట్టి, మూత్రం టీ డికాషను రంగులో వస్తే క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లాలి.

అందరి ఒళ్లూ ఒక్కటి కాదు. పొద్దస్తమానం నడుము వంచి ఊడ్పులు ఊడ్చిన మనిషికి సాయంత్రం మళ్లీ నడుముపై భారం వేసే కసరత్తు తగదు. రక్తపోటు ఉన్నవారు ఊపిరి బిగబట్టి బరువులు ఎత్తరాదు. గుండెజబ్బు, కీళ్లనొప్పులు ఉన్నవారు, నడివయసులో కొత్తగా మొదలుపెట్టేవారు ముందుగా డాక్టరును అడగాలి. ఎవరైనా సరే పది నిమిషాలు నడిచి, ఒళ్లు వేడెక్కాకే పరుగు అందుకోవాలి. వీలైనంతవరకు మట్టినేలనే ఎంచుకోవాలి. దూరాన్ని వారం వారం కొద్దికొద్దిగా పెంచాలి. వారానికి ఒకటి రెండు రోజులు కాళ్లకు సెలవివ్వాలి. కీలులో గుచ్చినట్టు నొప్పి వస్తే అక్కడితో ఆపాలి.

కలియుగ భీముడిగా పేరొందిన కోడి రామమూర్తి నాయుడు పుట్టిన ప్రాంతమిది. అంతటి బలశాలి సయితం మద్రాసులోని సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేశారు. పద్ధతి నేర్వడం ఆయనకే చిన్నతనం కానప్పుడు, నేటి యువకులకు ఎందుకు కావాలి?

ఉన్నత పాఠశాలల్లో వ్యాయామోపాధ్యాయులున్నారు, ఆటస్థలాలున్నాయి. ఉదయం ఒక గంట ఆ స్థలాలను గ్రామ యువకులకు, యువతులకు తెరిచి, ఎవరి సత్తువ ఎంతో చూసి చెప్పే ఏర్పాటు చేయాలి. రాళ్లు రప్పలు ఏరించి నేల చదును చేయించే బాధ్యతను పంచాయతీలు తీసుకోవాలి. ఇందుకు పెద్దగా ఖర్చు కాదు. ఏళ్ల తరబడి ఉద్యోగం కోసం ఎదురుచూసిన కుర్రవాడు పరుగు మొదలుపెట్టే గీత దగ్గరే కూలబడకుండా కాపాడడానికి ఈ మాత్రం శ్రద్ధ అవసరం. పాఠశాలలు, పంచాయతీలు తదుపరి ప్రకటన కోసం చూడక ఇప్పుడే పూనుకోవాలి.