పదకొండు దగ్గరే ఆగిపోయినవాళ్లు

ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద, క్యాంపస్ చెట్ల నీడలో, తార్నాక సందుల్లోని అద్దె గదుల్లో ఏళ్ల తరబడి పెరిగే కల ఒకటుంది: గ్రూప్-1 ఉద్యోగం. ఆ కల కనేవాడికి సలహాలు రెండు రకాలు. ఊళ్లో పెద్దలు "రాసిపెట్టి ఉండాలిరా" అంటారు. వ్యక్తిత్వ వికాసం చెప్పేవాళ్లు గట్టిగా కోరుకుంటే విశ్వమే దిగివస్తుందంటారు. మొదటిది పిరికిమందు, రెండోది దానికి విరుగుడు అనుకుంటాం గానీ, రెండూ ఒకే సీసాలోవి. ఒకరు కారణాన్ని నుదుట పెడతారు, ఇంకొకరు మనసులో పెడతారు. ఎదురుగా కనబడే కారణాల వైపు చూడనివ్వకపోవడంలో ఇద్దరూ ఒకటే.

ఎదురుగా కనబడే కారణాలేమిటో ఈ పరీక్షే చెప్పింది. 503 పోస్టులకు 2022 అక్టోబరు 16న ప్రిలిమ్స్ జరిగింది. తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ కార్యాలయం నుంచే పేపర్లు లీకైనట్టు బయటపడడంతో 2023 మార్చిలో అది రద్దయింది. జూన్ 11న మళ్లీ పెడితే, బయోమెట్రిక్ తీసుకోలేదన్న కారణంగా సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. మూడోసారి, 563 పోస్టులకు, 2024 జూన్ 9న రాశారు. మొదటి పరీక్షకూ మూడోదానికీ మధ్య ఇరవై నెలలు. గది అద్దె, మెస్ బిల్లు, కోచింగ్ ఫీజు ఎవరూ రద్దు చేయలేదు. పన్నెండు రాశులవాళ్లూ రాసిన పరీక్ష అది, అందరికీ ఒకే రోజు పోయింది. అందరికీ కలిపి ఒకేసారి ఏలినాటి శని పట్టిందా? పోనీ లక్షల మంది సంకల్పం ఒక్క పూటలో సడలిపోయిందా? పేపరు బయటికి రావడానికి శని సాయం అక్కర్లేదు, తాళం సరిగా వేయని ఆఫీసు చాలు.

"మరి మొక్కుకున్నవాళ్లకు వచ్చింది కదా" అంటారు. హైదరాబాదు శివార్లలోని చిలుకూరు బాలాజీని వీసా బాలాజీ అని కూడా పిలుస్తారు. కోరిక కోరేటప్పుడు పదకొండు ప్రదక్షిణలు, తీరాక నూటెనిమిది. నూటెనిమిది తిరిగేవాళ్లలో ఎవరిని అడిగినా కోరిక తీరిందనే చెబుతారు. తీరకపోతే అక్కడ ఉండరు మరి! పదకొండు దగ్గరే ఆగిపోయినవాడు ఇంట్లో ఉంటాడు, లెక్కలోకి రాడు. వైఫల్యాలను వడకట్టే జల్లెడ ఆచారంలోనే ఉంది. మొక్కుకుని ఓడప్రమాదం నుంచి బయటపడ్డవాళ్ల బొమ్మలను గుడిలో చూపిస్తే, మొక్కుకునీ మునిగిపోయినవాళ్ల బొమ్మలేవని ఒకతను అడిగిన కథను ఇంగ్లిష్ తత్వవేత్త ఫ్రాన్సిస్ బేకన్ 1620లోనే గుర్తు చేశాడు. టాపర్ల ఇంటర్వ్యూలదీ ఇదే తంతు. అంతే పట్టుదలతో చదివి ఒక మార్కు తేడాతో పోయినవాడి ముందు మైకు పెట్టేవారుండరు.

జాతకాలను నిజంగానే పరీక్షించారు. తెలివైన పిల్లలవి వంద, మేధోవైకల్యం ఉన్న పిల్లలవి వంద జాతకాలు సేకరించి, ఏది ఎవరిదో చెప్పమని ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్ బృందం మహారాష్ట్ర జ్యోతిష్కులను అడిగింది. 27 మంది పంపిన జవాబుల్లో సరైనవి సుమారు 46 శాతమని 2009లో ప్రకటించారు. నాణెం ఎగరేసినా దాదాపు అంతే వస్తుంది. 2001లో యూజీసీ విశ్వవిద్యాలయాల్లో జ్యోతిషం కోర్సులు పెట్టబోతే, తార్నాకకు కూతవేటు దూరంలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వ్యవస్థాపక డైరెక్టర్ పి.ఎం. భార్గవ కోర్టుకెక్కారు. 2004లో సుప్రీంకోర్టులోనూ ఓడిపోయారు. ఏ కోర్సు పెట్టాలన్నది నిపుణుల సంస్థ తేల్చుకునే విషయమని న్యాయస్థానం అంది. జ్యోతిషం నిజమని మాత్రం రుజువు కాలేదు.

నమ్మకం ధైర్యమిస్తుంటే నీకేం నష్టమని అడగవచ్చు. మంచి దశలో ధైర్యమిచ్చే జాతకమే చెడ్డ దశలో దరఖాస్తు పెట్టకుండా ఆపుతుంది. ఆడపిల్ల విషయంలో మరీను. కుజదోషం, పెళ్లి యోగం కలిసి చదువుకు గడువు పెడతాయి. పోటీలో ఓడినవాడి మీద ఈ నమ్మకం అదనపు నింద కూడా వేస్తుంది: నీ రాత బాగాలేదు, లేదా నువ్వు సరిగ్గా కోరుకోలేదు.

దీనికంటే గట్టి ఆక్షేపణ ఇంకొకటుంది. మూడోసారి పరీక్షకు దరఖాస్తులు నాలుగు లక్షలు దాటాయి, అంటే పోస్టుకు ఏడొందల మందికి పైనే. ఈ లెక్క తెలిసినవాడు కలే కనడు కదా? కనవచ్చు. ఏడొందల్లో ఒకరికి తప్పక వస్తుంది. అది తనకే వస్తుందన్న హామీ లేకుండా చదవడానికి కావలసిన ధైర్యం, హామీ ఉందనుకుని చదివే ధైర్యం కంటే ఎక్కువ. పరీక్షకు ముందు వచ్చే భయమూ అపశకునం కాదు, చాలాసార్లు పూర్తికాని సిలబస్ అది. ఇంటినుంచి ఫోనులో వినబడే "ఇంకెన్నాళ్లురా?"ను కూడా మూఢనమ్మకాల జాబితాలో పడేయకూడదు. అందులో అప్పు ఉంది, వడ్డీ ఉంది. 2024లో గరిష్ఠ వయోపరిమితిని 46 ఏళ్లకు పెంచారు. అప్పటిదాకా పంచాంగం ఎన్ని ముహూర్తాలైనా పెట్టగలదు. ఎన్నో ప్రయత్నం తర్వాత వేరే బతుకుదెరువు చూసుకోవాలన్న అంకె అందులో దొరకదు, అది మార్కుల కాగితమూ ఇంటి అప్పూ పక్కపక్కన పెట్టుకుని వేసుకునే లెక్క.